కొంగల వంతు

కాలువ మీద లస్కరు ఉద్యోగానికి వచ్చే కుర్రాళ్ళు ముందుగా తెలుసుకోవలసింది ఒకటుంది. నీళ్ళు నిండుగా వస్తే రైతుకి కృష్ణమ్మ గుర్తొస్తుంది. రాకపోతే లస్కరు గుర్తొస్తాడు. నా సర్వీసులో నేను తిన్న తిట్లన్నీ ఒకచోట పోస్తే బందరు కాలువ గట్టు ఇంకో మూరెడు లేచేది.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. మానేశాననేది మర్యాదకి అనే మాట. నాకూ లెక్కల మాస్టారికీ ఒకరి మొహం ఒకరు చూడలేని పరిస్థితి వచ్చింది. ఇద్దరిలో ఎవరో ఒకరు వెళ్ళాలి. ఆయనకి జీతం ఉంది, నాకు లేదు. అందుకని నేను వెళ్ళాను. అలాంటివాడు రాస్తే ప్రమోషన్లు, ఆర్డర్లు, తేదీలు ఉండవు. అవి గుర్తు కూడా లేవు. నా దగ్గర నవ్వించే సంగతులు చాలా ఉన్నాయి. అవి టీ తాగుతూ చెబుతాను, రండి. ఇప్పుడు రాసేది మాత్రం నవ్వించేది కాదు. చెప్పబోతే ప్రతిసారీ మధ్యలో ఏదో వేళాకోళం ఆడి తప్పించుకుంటున్నాను. కాగితం మీద అయితే అలా తప్పించుకోలేనని రాస్తున్నాను.

ఉద్యోగం అంటే ఏమిటి

బెజవాడ బ్యారేజీ దగ్గర కృష్ణ నీళ్ళు కాలువల్లోకి దిగుతాయి. అక్కడ చూస్తే సముద్రమంత కనిపిస్తాయి, అందరికీ సరిపోతాయనే అనిపిస్తుంది. కంకిపాడు వచ్చేసరికి ఆ మాట సగానికి తగ్గుతుంది. కాలువలోంచి చిన్న కాలువలు, వాటిలోంచి పంట బోదెలు చీలుతూ, ఊరూరా తడుపుకుంటూ, చల్లపల్లి దాటి ఉప్పుగాలి తగిలే చోటికి వచ్చేసరికి పెళ్ళిలో ఆఖరి బంతి భోజనంలా ఉంటుంది సంగతి. పులిహోర అడుగంటి, పెరుగు నీళ్ళయి, వడ్డించేవాడికి ఓపిక అయిపోయి ఉంటుంది. ఆ ఆఖరి బంతిలో కూర్చునే ఊళ్ళని శివారు ఊళ్ళంటారు. నా డ్యూటీ ఆ శివారులో.

పని చెప్పుకోవడానికి చిన్నది. పొద్దున్నే గట్టు వెంట నడవాలి. ఎండ్రకాయలు బొరియలు చేస్తే పూడ్చాలి. గుర్రపుడెక్క అడ్డం పడితే లాగాలి. గేజి చూసి నీళ్ళు ఎంత వస్తున్నాయో పైకి కబురు పెట్టాలి. వంతు ప్రకారం ఒక ఊరి తలుపు దించి ఇంకో ఊరి తలుపు ఎత్తాలి. తలుపంటే ఇంటి తలుపు కాదు, తూము దగ్గర ఇనప షట్టరు. దాన్ని తిప్పే హేండిలు భుజాన వేసుకుని నడుస్తుంటే నేనేదో గదాధారినని మా ఆవిడ ఎగతాళి చేసేది. ఎదురుగా పలుగులతో వచ్చే రైతుల్ని చూశాక ఆ గదని గడ్డిలో పడేసి పరుగెత్తిన సందర్భాలు ఆవిడకి చెప్పలేదు.

గొడుగాయన

నా పైన చాలామంది ఆఫీసర్లు మారారు. ఒకాయన అరిచేవాడు, ఇంకొకాయన నిద్రపోయేవాడు. వాళ్ళ దగ్గర నేర్చుకున్నది ఏమీ లేదు. నేర్పించినాయన ఒక సూపర్‌వైజరు గారు. ఎండకీ, వానకీ, మబ్బుకీ దేనికైనా గొడుగు వేసుకునే సైకిలు మీద తిరిగేవాడు. ఒక చేత్తో హేండిలు, ఒక చేత్తో గొడుగు. అందుకని ఆయనకి గొడుగాయన అని పేరు పెట్టాను. పెట్టింది నేనేనని ఆయనకి తెలుసు.

నిజాయితీ గల మనిషి. రైతులు కొబ్బరిబోండాం ఇచ్చినా పుచ్చుకునేవాడు కాదు. కుర్రాళ్ళకి ఒక సంగతి చెబుతున్నాను. నిజాయితీపరుడి కింద పనిచేయడం చాలా కష్టం. లంచం తీసుకునేవాడికి ఒక ధర ఉంటుంది, బతిమాలితే అది తగ్గుతుంది కూడా. నిజాయితీపరుడికి రూలు ఉంటుంది. అది తగ్గదు.

ఆయన రూలు ఏమిటంటే, కాలువ నీళ్ళు ఆయకట్టు పొలానికీ, మనుషులు తాగే చెరువుకీ తప్ప ఇంకెక్కడికీ పోకూడదు. మా శివారులో ఒక ఊరు ఆ రూలుకి కొరుకుడు పడకుండా ఉండేది. ఊరి పేరు రాయను, అక్కడివాళ్ళకి ఇష్టం ఉండదు. ఆయన వచ్చిన మొదటి ఏడే ఆ ఊరి మడుగులోకి నీళ్ళు ఎందుకు పోతున్నాయని నన్ను నిలదీశాడు.

"కొంగలకండి" అన్నాను.

"కొంగలు నీటి తీరువా కడుతున్నాయటోయ్?"

"ఇంకా పట్టాలు రాలేదండి వాటికి."

గొడుగు కాస్త ముందుకి వంచాడు. నవ్వాడో కోప్పడ్డాడో కనిపించలేదు. కానీ ఆ తరవాత ఏటా ఆ మడుగుకి నీళ్ళు పెట్టే రోజున ఆయనకి సరిగ్గా ఇంకో వైపు పని పడేది. రూలు తగ్గదన్నాను గదా. తగ్గలేదు, కాస్త పక్కకి తిరిగి నిలబడింది.

పురిటికి వచ్చినవాళ్ళు

ఆ ఊరి పక్కన మడుగు ఉంది. మడుగు నిండా తుమ్మచెట్లు, మొదళ్ళు నీళ్ళలో మునిగి. వానాకాలం ముదిరాక నత్తకొంగలు వచ్చి ఆ చెట్ల మీద గూళ్ళు కట్టేవి. ఈ పక్షి ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, ఎవరో పోకచెక్క పెట్టి మరిచిపోయినట్టు. ఆ సందుతోనే నత్తగుల్ల పట్టి లోపలి మాంసం లాగుతుంది. దూరం నుంచి చూస్తే చాకళ్ళు పంచెలు ఉతికి చెట్ల మీద ఆరేసినట్టు ఉండేది. దగ్గరికి వెళితే ఆ వాసనకి, ఈ పంచెలు ఉతకలేదని తెలిసేది.

ఊరివాళ్ళు వాటిని కొంగలు అనేవారు కాదు. పురిటికి వచ్చిన పిల్లలనేవారు. మన ఇంటి ఆడపిల్ల కాన్పుకి వస్తే ఎలా చూసుకుంటామో అలాగే. గూళ్ళున్నన్నాళ్ళు ఊళ్ళో డప్పు మోగదు. దీపావళికి దీపాలు, మతాబులు తప్ప టపాకాయ పేలదు. ఆ రోజుల్లో పెళ్ళి పడితే మగపెళ్ళివారి బ్యాండు మేళం కాలువ వంతెన దగ్గర ఆగిపోవాలి. అక్కడి నుంచి ఊళ్ళోకి నడిచి రావడమే.

దీనికంతటికీ పెద్ద సుబ్బరామయ్య గారు. కాస్త భూమి ఉన్న ముసలి రైతు. పొట్టిగా, బిరుసుగా, మాట ఖణీమని ఉండేవాడు. నేను ఆయన్ని బాబాయ్ గారూ అనేవాణ్ణి. ఒకసారి వంతెన దగ్గర నోరు మూసుకుని నడుస్తున్న పెళ్ళివారిని చూసి, మీ ఊరికి పెళ్ళికి రావడమూ దినానికి రావడమూ ఒకేలా ఉంది బాబాయ్ గారూ అన్నాను.

"నీ పెళ్ళి మోగింది గదా అబ్బాయ్. ఏం బావుకున్నావ్?" అన్నాడు.

ఆ మాట మా ఆవిడ చెవిన ఎవరు వేశారో గాని నేను రెండు పూటలు హోటల్లో తినవలసి వచ్చింది.

భక్తి ఒక్కటే అని అనుకోకండి. ఎండాకాలంలో ఆ మడుగు బురద తవ్వి పొలానికి తోలితే వరి నల్లగా లేచేది. లాభమూ ప్రేమా విడదీయడం ఆ ఊరివాళ్ళకి రాదు. నాకూ రాదు.

చిక్కల్లా ఎక్కడంటే, సార్వా వరి కోతలయ్యాక కాలువ కట్టేస్తారు, అంటే పైనుంచి నీళ్ళు ఆపేస్తారు. సరిగ్గా అప్పటికి గూళ్ళలో పిల్లలు ఉంటాయి, ఇంకా ఎగరలేవు. చెట్ల మొదట్లో నీళ్ళుంటేనే వాటికి రక్ష. నీరు తీస్తే నక్కలూ, బావురుపిల్లులూ, వాటితోపాటు గూళ్ళు దోచుకునే పక్క ఊరి మనుషులూ వస్తారు. అందుకని కాలువ కట్టేముందు ఆ ఊరికి వచ్చే ఆఖరి వంతు నీళ్ళు పొలానికి పెట్టుకోరు. మడుగుకి పెడతారు. అదే కొంగల వంతు. ఆఖరి బంతిలో కూర్చున్నవాడు తన విస్తరిలోది తీసి పక్కన పెట్టడమన్నమాట. ఆ ఏడు ఊరికి పురిటికి వచ్చిన ఆడపిల్ల ఎవరో, ఆ పిల్ల తూము దగ్గర పసుపునీళ్ళు చల్లాకే నేను తలుపు ఎత్తాలి. ఆ గంటసేపు నన్ను ఎవరూ తిట్టేవారు కాదు. ఏడాది మొత్తం మీద నాకు గౌరవం దొరికే గంట అదే.

కాలువ తొందరగా కట్టేసిన ఏడు

ఇది మా వైపు ఊళ్ళని ముంచేసిన ఉప్పెనకి ముందు సంగతి. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. ఉన్న వరికి దోమపోటు తగిలింది. చేలో నిలబడితే వరి మొదళ్ళలో దోమ పొట్టు పోసినట్టుండేది. నాలుగు రోజుల్లో చేను కాలినట్టయ్యేది. జనం ఎండ్రిన్ మందు కొట్టారు. తగ్గలేదని మళ్ళీ కొట్టారు. పై ఊళ్ళ నుంచి శివారు దాకా మందు కొట్టని పొలం లేదు. ఈ ఊరివాళ్ళూ కొట్టారు. కొట్టక ఏం చేస్తారు, పిల్లలకి అన్నం పెట్టాలి గదా.

బ్యారేజీ దగ్గర నీళ్ళు తగ్గిపోయాయని కాలువలు ముందుగానే కట్టేశారు. ఇక వదిలేది ఒక్కసారే, అదీ తాగే చెరువులకి మాత్రమే. తూములన్నిటికీ తాళాలు పడ్డాయి. తాళంచెవులు నా దగ్గర కూడా లేవు, సూపర్‌వైజరు గారి దగ్గరే.

సుబ్బరామయ్య గారు నన్ను వెంటబెట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళాడు. మడుగు చెట్ల మొదళ్ళు అప్పటికే బయటపడుతున్నాయి. గూళ్ళ నిండా పిల్లలు. నక్క అడుగులు బురదలో కనిపించాయని ముసలాయన చెప్పాడు. ఊరి వంతు ఈ ఏడు సరిగా అందనే లేదు గనక ఆ బాకీలో ఒక్క పూట నీళ్ళు ఇప్పించమని అడిగాడు.

సూపర్‌వైజరు గారు అంతా విన్నాడు. కింద ఊళ్ళలో ఆడవాళ్ళు బిందె నీళ్ళ కోసం మైళ్ళు నడుస్తున్నారని, తాగే చెరువులు సగం కూడా నిండలేదని, ఆ నీళ్ళలోంచి గ్లాసుడు కూడా ఇవ్వలేనని చెప్పాడు. గొంతు పెంచలేదు. నేనేదో సరదా మాట అనబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

బయటికి వచ్చాక నేను ఆయన్ని గొణుక్కుంటూ తిడుతుంటే సుబ్బరామయ్య గారు కసురుకున్నాడు. "ఆయనన్నదాంట్లో తప్పేముందోయ్? తాగే నీళ్ళు అడగటానికి మనకి మాత్రం నోరెలా వచ్చిందో" అన్నాడు.

అలాగని ఊరుకోలేదు. పురిటికి వచ్చినవాళ్ళని నక్కలకి వదిలేసే మనిషి కాదు. ఊరికి ఇవతల మురుగు కాలువ ఉంది. పై ఊళ్ళ పొలాల్లోంచి దిగిన నీళ్ళన్నీ అందులోకే వచ్చి సముద్రానికి పోతాయి. కాలువ నీళ్ళు అందనప్పుడు శివారు రైతులు ఆ మురుగుకి అడ్డుకట్ట వేసి తోడుకోవడం మామూలే. తాతల నాటి నుంచి ఆ నీళ్ళతోనే ఎన్నో పంటలు గట్టెక్కాయి. ఈసారి ఊరంతా కలిసి ఆ నీళ్ళని మడుగులోకి తోడాలని ముసలాయన నిర్ణయించాడు.

ఇంజను పెడితే చప్పుడని, పిల్లలు బెదురుతాయని వద్దన్నారు. గూడ వేశారు. గూడంటే రెండు వైపులా తాళ్ళు కట్టిన బుట్ట. చెరొక వైపు నిలబడి ముంచి, ఊపి, గట్టు మీదకి పోస్తుండాలి. నడుములు విరిగిపోయే పని. వంతులు వేసుకుని మగవాళ్ళూ ఆడవాళ్ళూ పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా తోడారు. కూలి లేదు, పాట కూడా లేదు, పిల్లలు బెదురుతాయని. నేనూ ఓ పూట తాడు పట్టాను. ఆ ఏడు పురిటికి వచ్చిన పిల్ల మా సుబ్బరామయ్య గారి చిన్నకూతురే. నెలలు నిండిన పొట్టతో గట్టెక్కి, కాలువ నీళ్ళకి చల్లినట్టే ఆ మురుగు నీళ్ళకీ పసుపు చల్లింది.

మడుగు నిండింది. చెట్ల మొదళ్ళు మునిగాయి. గట్టు మీద కూలబడి ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకుని నవ్వుకున్నాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సహించదు.

డప్పు

తరవాత ఒక పొద్దున మడుగు మీద చేపలు తేలాయి. చిన్నవీ పెద్దవీ, పొట్టలు పైకి పెట్టి. నత్తలు పట్టు వదిలేసి నీటి అంచున పడి ఉన్నాయి. కొంగలకి పండగ. వెతుక్కోనక్కర్లేదు, ఏరుకోవడమే. తిని, గూటికి పోయి పిల్లల నోట్లో కక్కి, మళ్ళీ వస్తున్నాయి.

ఎండ్రిన్ పోస్తే చేపలు తేలతాయని అందరికీ తెలుసు. దొంగచాటుగా అలా చేపలు పట్టే వెధవలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. మొదట అందరూ అదే అనుకున్నారు, ఎవడు చేశాడా అని ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. సుబ్బరామయ్య గారు మాత్రం ఎవర్నీ చూడలేదు. మురుగు కాలువ వైపు తిరిగి నిలబడ్డాడు. పై ఊళ్ళ పొలాల్లో ఆ ఏడు కొట్టిన మందంతా వానలేక, కొట్టుకుపోక, ఆ కాస్త నీళ్ళలోనే చిక్కబడి ఉంది. దాన్ని మేం గూడలతో తోడి తెచ్చాం.

మధ్యాహ్నానికి మొదటి కొంగ రాలింది. కొమ్మ మీద ఉతికిన పంచె గాలికి జారినట్టు జారి నీళ్ళలో పడింది. కాసేపటికి ఇంకొకటి.

 గట్టు తెగ్గొట్టి నీళ్ళు వదిలేద్దామని కొందరన్నారు. అప్పుడు బురదలో నత్తలన్నీ బయటపడి ఇంకా తేలిగ్గా దొరుకుతాయి, పైగా నక్కలు. మంచినీళ్ళు కలుపుదామంటే తూముకి తాళం. బుట్టలు పట్టుకుని మడుగులో దిగి చేపలూ నత్తలూ ఏరడం మొదలుపెట్టారు. ఒక వైపు ఏరుతుంటే ఇంకో వైపు కొంగలు దిగుతున్నాయి. మనుషులంటే భయం లేకుండా పెంచుకున్న పక్షులు అవి. భుజం మీద కండువాలు ఊపినా పక్కకి జరిగి మళ్ళీ తింటున్నాయి.

అప్పుడు సుబ్బరామయ్య గారు తరిమేద్దామన్నాడు. డప్పు కొట్టించి, పెద్దవాటిని ఈ చుట్టుపక్కల లేకుండా తరిమేద్దామని.

ఆయన భార్య అచ్చమ్మ గారు గట్టు మీదే ఉంది. "తల్లుల్ని తరిమితే గూళ్ళో పిల్లలకి ఎవరు పెడతారు?" అంది.

"తల్లులు బతికితే వచ్చే ఏడు మళ్ళీ పెడతాయే."

"మరి ఈ పిల్లలో?"

  గట్టు కింద కూతురు పొట్ట పట్టుకుని నిలబడి వింటోంది.

డప్పు కోసం యేసోబుకి కబురు వెళ్ళింది. యేసోబు పక్క పేటలో ఉండేవాడు. చల్లపల్లి దాకా జాతరలకీ, పెళ్ళిళ్ళకీ ఆయన డప్పే. ఒక్క ఈ ఊళ్ళోనే ఆ రోజుల్లో ఆయనకి పని ఉండేది కాదు. దాని మీద ఆయనకి నిష్ఠూరం కూడా ఉండేది. గడ్డి మంట వేసి డప్పు కాచుకుంటూ సంగతంతా విన్నాడు. విని లేచి సుబ్బరామయ్య గారి ఎదురుగా వచ్చాడు.

"ఈ ఊళ్ళో నా డప్పు మోగాలని ఎన్నోసార్లు అనుకున్నానండి. ఇందుకోసం అని మాత్రం అనుకోలేదండి" అన్నాడు.  కొట్టాడు.

చెట్ల మీంచి మొత్తం ఒక్కసారి లేచాయి. ఎండ మీద నీడ పడింది. ఊరి మీద గుండ్రంగా తిరిగి మళ్ళీ దిగబోయాయి. జనం డబ్బాలు, పళ్ళాలు, దొరికిందల్లా వాయించారు. పిల్లలు తాము ఎన్నేళ్ళుగానో దాచుకున్న టపాకాయలు తెచ్చి పేల్చారు. దిగబోతే మళ్ళీ. దిగబోతే మళ్ళీ. సుబ్బరామయ్య గారు మోకాటి లోతు నీళ్ళలో నిలబడి మట్టిబెడ్డలు విసిరాడు. తన మడుగులో తన పక్షుల మీదకి. ఏడుస్తున్నాడని దూరానికి తెలియలేదు. దగ్గరికి వెళ్ళాక తెలిసింది, వాటిని ఒక్కొక్కదాన్నీ తిడుతున్నాడు. పొండే, మీ అత్తారిళ్ళకి పొండే అని.

మర్నాడూ అంతే. ఆ తరవాత అవి రాలేదు.

గూళ్ళలో పిల్లలు మిగిలాయి. వాటి అరుపు ఊరంతా వినిపించేది. అచ్చమ్మ గారు రేవు నుంచి మంచి చేపలు తెప్పించింది. కుర్రాళ్ళు తుమ్మముళ్ళు గీసుకుంటూ చెట్లెక్కి నోట్లో పెట్టబోయారు. కొన్ని మింగాయి. చాలావాటికి తల్లి వస్తే తప్ప నోరు తెరవడం తెలియలేదు. మింగినవి కూడా నిలవలేదు, ముందు తిన్నది లోపల ఉంది గదా. అరుపు కొద్దికొద్దిగా తగ్గింది. ఒక పూట లేచి చూస్తే ఊరు నిశ్శబ్దంగా ఉంది. ఆ ఊరు ఎప్పుడూ కోరుకున్న నిశ్శబ్దమే.

సూపర్‌వైజరు గారు వచ్చాడు. సైకిలు గట్టు కింద పెట్టి నడిచి పైకి వచ్చాడు. నడినెత్తిన ఎండ. గొడుగు మూసేశాడు. ఆయన తల నేను అంతవరకు సరిగ్గా చూడలేదు, నెరిసిపోయి ఉంది.

"ఒక తలుపు ఎత్తితే సరిపోయేదంటావా?" అన్నాడు.

ఆయనకి నేను ఎన్నో సమాధానాలు చెప్పాను ఆ ఉద్యోగంలో. చాలావాటికి ఆయన గొడుగు చాటున నవ్వుకున్నాడు. ఆ రోజు, తాగే చెరువులు నిండాయా అండీ అని మాత్రం అడిగాను. నిండాయన్నాడు. ఇద్దరం గట్టు దిగి వచ్చేశాం.

కుర్రాళ్ళకి

తప్పు ఎవరిదని మీరు అడుగుతారు. నేను చాలాకాలం ఎవరో ఒకరి మీద వేద్దామని చూశాను. గొడుగాయన మీద వేస్తే హాయిగా ఉండేది, పై అధికారి గనక. కానీ ఆయన మనుషులకి నీళ్ళిచ్చాడు. పై ఊళ్ళ రైతులు వాళ్ళ చేను కాపాడుకున్నారు. ఈ ఊరు కొంగల్ని కాపాడబోయింది. అందరూ తమ పని సరిగ్గానే చేశారు. నాకు అర్థమైనంత వరకు పొరపాటు ఒకటే. పొలంలోంచి బయటికి పోయిన నీళ్ళు ఇక మనవి కావనుకున్నాం. ఇంకొకడి గడపలోకి అవి పోతున్నాయని ఎవడికీ తోచలేదు.

గేజి రాయి మీద నీళ్ళు ఎంత వచ్చాయో కనిపిస్తుంది. ఆ నీళ్ళలో ఏముందో కనిపించదు. నన్ను ఉద్యోగంలో పెట్టుకున్నవాళ్ళు ఎంత అనే అడిగారు. మిమ్మల్నీ అదే అడుగుతారు. మీరు మాత్రం రెండోది కూడా చూడండి. దోసిట్లోకి తీసుకోండి, వాసన చూడండి. మురుగు కాలువ గట్టు మీద కూడా రోజూ నడవండి, మీ డ్యూటీ కాకపోయినా. చేపలు ఎలా ఉన్నాయో చూడండి. అందుకు జీతం ఎవరూ ఇవ్వరు. తిట్లు మామూలుగానే వస్తాయి.

వంతెన దగ్గర

మరుసటి ఏడు కాలువ కట్టేముందు నేను అడక్కుండానే సూపర్‌వైజరు గారు ఆ ఊరి తూము దగ్గరికి వచ్చాడు. ఆ రోజు ఆయనకి ఇంకో వైపు పని పడలేదు. ఎదురుగా నిలబడి కొంగల వంతు పెట్టించాడు. మంచి నీళ్ళు, తేటగా. మడుగు నిండింది. చెట్ల మీద గూళ్ళు లేవు.

అంతకుముందు, ఆ ఏడు వానలు ముదిరాక కొన్ని వచ్చిన మాట నిజం. చాలా ఎత్తులో ఊరి మీద తిరిగాయి. జనం ఇళ్ళలోంచి బయటికి వచ్చి ఊపిరి బిగబట్టి చూశారు. దిగలేదు. ఆ పైన రావడం కూడా మానేశాయి.

సుబ్బరామయ్య గారికి ఒక్కటే చింత పట్టుకుంది. నేను అటు వెళితే చాలు, పక్కన కూర్చోబెట్టుకుని అడిగేవాడు. మందుకి పోయాయా అబ్బాయ్, మన డప్పుకి పోయాయా అని. తరిమినవాటిలో చాలా బతికే ఉంటాయి, బతికి ఉంటే రావాలి గదా, రాలేదంటే మనమంటే భయపడే గదా అని. మందుకే బాబాయ్ గారూ అనేవాణ్ణి. నమ్మేవాడు కాదు. నాకు మాత్రం ఏం తెలుసు.

ఊళ్ళో ఆచారం అలాగే సాగింది. ఖాళీ చెట్లకి కొంగల వంతు పెడుతూనే ఉన్నాం. ఆ రోజుల్లో డప్పు లేదు, టపాకాయ లేదు. ఎందుకని ఎవరూ అడగలేదు, మానేద్దామని ముందుగా అనడానికి ఎవరికీ నోరు రాలేదు.

కొన్నేళ్ళకి ఆయన పెద్ద మనవరాలి పెళ్ళి వచ్చింది. ముహూర్తం సరిగ్గా గూళ్ళ కాలంలో కుదిరింది. మగపెళ్ళివారు కంకిపాడు నుంచి బ్యాండుతో వచ్చారు. వంతెన దగ్గరికి వచ్చేసరికి బ్యాండువాళ్ళు ఎవరూ చెప్పకుండానే వాయిద్యాలు దించేశారు. చుట్టుపక్కల మేళాలవాళ్ళకి అలవాటే అది. పెళ్ళివారు సర్దుకుని ఊళ్ళోకి నడవబోతున్నారు.

సుబ్బరామయ్య గారు కర్ర పొడుచుకుంటూ వంతెన మీదకి వచ్చాడు.

"ఎందుకు ఆపారు?"

"మీ ఊరి పద్ధతి అన్నారు గదా మామయ్య గారూ" అన్నాడు పెళ్ళికొడుకు తండ్రి.

"వాయించమనండి."

బ్యాండు మేస్త్రీ నా వైపు చూశాడు. ఊరివాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. అచ్చమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముసలాయన కర్రతో వంతెన మీద తట్టి, గట్టిగా వాయించమనండి అన్నాడు.

వాయించారు. ముందు భయం భయంగా, తరవాత గట్టిగా. పెళ్ళి ఊరేగింపు ఊళ్ళోకి కదిలింది. ఆయన వాళ్ళతో వెళ్ళలేదు. మడుగు గట్టు వైపు తిరిగాడు. నేను వెనకాలే వెళ్ళాను. గట్టు మీద నిలబడి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని, తుమ్మచెట్ల వైపే చూస్తున్నాడు. అప్పుడు నాకు అర్థమైంది, ఆయన బ్యాండు ఎందుకు వాయించమన్నాడో. ఎక్కడో ఆకుల చాటున మనకి కనిపించకుండా ఒకటో రెండో ఉంటే, ఈ చప్పుడికి బెదిరి లేస్తాయని.

మేళం ఊరి మధ్యకి చేరింది. అక్కడ ఆగి ఇంకా గట్టిగా మోగింది. ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. చెట్ల మీంచి ఏదీ లేవలేదు.